పెంచలమ్మ హోటల్లో రేపటి పులుసు

భోజనం చెయ్యడానికి మద్రాసు నుంచి నెల్లూరు వెళతానంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. పెళ్లి అనో, పొలం తగాదా అనో రాసి ఉంటే సెలవు ఆ పూటే దొరికేది. నిజం రాశాను గనక హెడ్‌క్లర్కు నా అర్జీని రెండుసార్లు చదివి, "మద్రాసులో హోటళ్లు లేవా?" అని అడిగాడు. ఉన్నాయి, అందుకే వెళుతున్నానని చెప్పబోయి, సెలవు కావాల్సినవాణ్ణి గనక ఊరుకున్నాను.

నేను నెల్లూరులో కాలేజీ చదివిన రోజుల్లో పాత బస్టాండు వెనక సందులో పెంచలమ్మ హోటలు ఉండేది. దానికి బోర్డు లేదు, బల్లలు లేవు. తాటాకు పందిరి, దాని వెనక పెంకుటిల్లు, కూర్చోవడానికి పీటలు, తినడానికి విస్తర్లు. పెట్టేది ఒకటే: మైపాడు నుంచి వచ్చిన సముద్రపు చేప, మామిడికాయ వేసి పులుసు. దాంతో అన్నం, చివర మజ్జిగ. ఏముందని అడిగే అవసరం లేని హోటలు నేను అదొక్కటే చూశాను.

అక్కడి పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. పెంచలమ్మ ఏ రోజు కాచిన పులుసు ఆ రోజు పెట్టదు. సాయంత్రం పొయ్యి ఎక్కిన చట్టి మర్నాడు మధ్యాహ్నం గానీ విస్తరి మీదికి రాదు. రాత్రంతా ముక్కకు పులుపు పట్టాలి, నూనె పైకి తేలాలి, మామిడికాయ తన పొగరు తగ్గించుకోవాలి. పొయ్యి మీద ఉడుకుతున్న పులుసు చూసి నోరూరి ఎవరైనా అడిగితే, "ఇవ్వాళ్టిది రేపు రా" అనేది. జిల్లా కోర్టు గుమాస్తా అడిగినా అదే మాట, బస్సు క్లీనరు అడిగినా అదే మాట. హోటలు తెరిచిన మొదటి రోజు కూడా అంతేనట. పొయ్యి వెలిగింది, వాసన సందంతా పాకింది, తినడానికి మాత్రం ఏమీ లేదు. వచ్చినవాళ్లందరినీ రేపు రమ్మని పంపేసింది. అలా ప్రారంభమైన హోటలు అన్నేళ్లు నడవడం వ్యాపార సూత్రాలకు పూర్తిగా విరుద్ధం. నేను కామర్స్ చదివినవాణ్ణి, ఆ చదువు కూడా ఆ పులుసు తిని చదివిందే.

పోయిన వారం నెల్లూరు నుంచి మా ఆఫీసుకు పని మీద వచ్చిన ఒక పెద్దమనిషి మాటల మధ్యలో, ఆ హోటలు స్థలం అమ్ముడుపోయిందనీ, వచ్చే సోమవారం మధ్యాహ్నంతో మూసేస్తున్నారనీ చెప్పాడు. చెప్పి తన ఫైలు సంగతిలోకి వెళ్లిపోయాడు. నేను మళ్లీ ఆ ఫైలులోకి రాలేకపోయాను.

సోమవారం పొద్దున్నే సెంట్రల్లో పాసింజరు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్సు కూడా ఉంది, కానీ అది తెల్లవారకముందే నెల్లూరులో దింపి మధ్యాహ్నం దాకా మనల్ని మనకు వదిలేస్తుంది. పాసింజరైతే పదకొండున్నరకు దింపాలి. దింపాలి అన్నది రైల్వేవారి మాట. టిక్కెట్టు ధర రాయడం లేదు. మీరు బయల్దేరేటప్పటికి అది పెరిగి ఉంటుంది, ఆ కోపం నా మీదికి వస్తుంది.

గుమ్మిడిపూండి దాటాక పక్కనాయన తన అరటిపళ్లలో ఒకటి నాకిచ్చి మాటలు మొదలుపెట్టాడు. హోటళ్లకు పాలరాతి బల్లలు సరఫరా చేసే వ్యాపారి. కావలి దాకా వెళుతున్నాడు. నెల్లూరులో ఏ హోటలు ఎప్పుడు తెరిచారో, ఏది ఎప్పుడు మూశారో ఆయనకు ఇంట్లో పిల్లల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. పాత బస్టాండు సందులో రెండు కాఫీ హోటళ్లు పోయాయనీ, కొత్త బస్టాండు దగ్గర నాలుగు లేచాయనీ చెప్పాడు. మూసేవాళ్లను చూస్తే బాధగా ఉండదా అని అడిగాను.

"నాకేం బాధ సార్? మూసేవాడి దగ్గర బల్ల కొంటా, తెరిచేవాడికి అమ్ముతా. బల్ల అదే. దాని మీద చెయ్యి తుడిచే గుడ్డే మారేది."

పెంచలమ్మ హోటలు తెలుసా అన్నాను. తెలుసుగానీ అక్కడ కొనడానికేమీ లేదన్నాడు. పీటలు ఎవరు కొంటారు? ఎదురుగా వెలసిన కొత్త లాడ్జికి బల్లలన్నీ తనే ఇచ్చానని కూడా చెప్పాడు. ఆయన మంచివాడే. అరటిపండు కూడా మంచిదే.

పదకొండున్నరకు గూడూరులో ఉన్నాం. పన్నెండున్నరకూ, మూడింటికీ అక్కడే ఉన్నాం. ముందు లైను ఖాళీ లేదని ఒకరు, ఇంజను మారుస్తున్నారని ఒకరు చెప్పారు. గార్డును అడిగితే, ఎక్కడికి వెళ్లాలని నన్నే అడిగాడు. గూడూరులో నిమ్మకాయలకు కొదవ లేదు గనక నిమ్మకాయ సోడా తాగుతూ ప్లాట్‌ఫారం మీద తిరిగాను. పెంచలమ్మ ఇప్పుడు ఆఖరి విస్తర్లు వేస్తూ ఉంటుందనీ, ఇప్పుడు మజ్జిగ పోస్తూ ఉంటుందనీ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు పీటలు ఎత్తి గోడకు చేరేస్తూ ఉంటుందనుకునేసరికి రైలు కదిలింది.

నెల్లూరు చేరేసరికి సాయంత్రం అయిదు. ఆకలితో స్టేషను బయటికి వచ్చాక గుర్తొచ్చింది, అది సోమవారం. ధాన్యం కరువు వల్ల దేశమంతా సోమవారం రాత్రి అన్నం మానుకుంటున్న రోజులవి. ఆ సాయంత్రం హోటళ్లు తియ్యరు. ఊరు ఊరంతా మూసిన తలుపులే. వాటిలో రేపు తెరిచేవి ఏవో, ఇక ఎన్నటికీ తెరవనివి ఏవో తాళాలు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఊరి చుట్టూ కనుచూపు మేర వరి పండే నెల్లూరులో అన్నం దొరకక నిలబడడం కూడా ఒక అనుభవమే. మీరు వెళితే మంగళవారం చేరేలా వెళ్లండి.

సత్రంలో సంచీ పడేసి పాత బస్టాండు సందుకు నడిచాను. బస్టాండు ఊరి అవతలికి మారి రెండేళ్లయిందట. బస్సులతో పాటు జనం వెళ్లారు, జనంతో పాటు హోటళ్లు వెళ్లాయి. నేను అప్పు పెట్టి కాఫీ తాగిన క్లబ్బులో ఇప్పుడు సైకిళ్లు అద్దెకిస్తున్నారు. టీ హోటలు రేడియో మరమ్మత్తు షాపైంది. బిర్యానీ వాసన వచ్చే మూల మీద ఎరువుల బస్తాలు పేర్చి ఉన్నాయి. దేశానికి అన్నం కొరవడింది గనక అన్నం పెట్టే చోట ఎరువులు అమ్మడం న్యాయమే. వాసనలో మాత్రం తేడా ఉంది. సందు మొదట్లో మూడంతస్తుల కొత్త లాడ్జి, గుమ్మానికి వారం కిందట కట్టిన మామిడాకులు వాడిపోయి ఉన్నాయి. కింది భాగంలో శాకాహార భోజన హోటలు. అది కూడా ఆ సాయంత్రం మూసే ఉంది.

పెంచలమ్మ ఇంటి పక్కన ఖాదర్ బాషా సోడా కొట్టు ఒక్కటే తెరిచి ఉంది. సోడా ధాన్యం కిందికి రాదు. ఖాదరు నన్ను కాసేపు చూసి గుర్తుపట్టాడు. కాలేజీ రోజుల్లో నేను పగలగొట్టిన సోడా బుడ్డి గురించి అడిగాడు గనక నిజంగానే గుర్తుపట్టాడని నమ్మాను.

ఆఖరి పంక్తి ఒంటిగంటన్నరకే లేచిందని చెప్పాడు. బాగానే వచ్చారట జనం, మూసేస్తున్నారని తెలిసి. నాలుగు నెలలుగా రానివాళ్లు కూడా వచ్చి, అయ్యో మూసేస్తున్నావా అని తినిపోయారట. పంక్తి లేచాక మిగిలిన బియ్యం హమాలీల ఇళ్లకు పంచేసి, అన్నం వార్చే గుండిగలు అమ్మేసిందట. రేపు రెండు గంటలకు ఇంటి తాళం లాడ్జివాళ్ల మనిషికి ఇవ్వాలి. ఆ పెంకుటిల్లు పడగొట్టి కుటుంబాలతో వచ్చేవాళ్లకు ప్రత్యేకంగా భోజనాల గది కడతారట. పెంచలమ్మ మూడు గంటల బస్సుకు మైపాడులో తమ్ముడి ఇంటికి వెళ్లిపోతుంది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు.

"పోనని మూడు వారాలు కూర్చున్నది సార్," అన్నాడు ఖాదరు. "తమ్ముడింటికి ఉత్త చేతులతో పోయి కూర్చుని తినేదానికి మనసొప్పలా ఆమెకు. ఇన్నాళ్లు ఒకరికి పెట్టిన చెయ్యి గదా."

ఆ మాట పూర్తయ్యేలోపల గాలి ఇటు తిరిగింది. నేను ఆగాను, అతనూ ఆగాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పెంకుల సందుల్లోంచి పొగ వస్తోంది. మెంతులు, కరివేపాకు, మామిడికాయ. పొరపాటు పడడానికి వీల్లేని వాసన.

ఖాదరు లేచి వెళ్లి తలుపు తోశాడు. నేను వెనకాలే వెళ్లాను. గోడవారగా పీటలు, కట్టిన మూటలు. మధ్యలో పొయ్యి ముందు పెంచలమ్మ. తల నెరిసింది తప్ప మనిషి అదే. రెండు చేతులా గుడ్డ పట్టుకుని పెద్ద చట్టిని నెమ్మదిగా కుదుపుతోంది. గరిటె పెట్టి తిప్పితే ముక్క విరుగుతుంది, అందుకని ఆమె ఎప్పుడూ చట్టినే కుదిపేది.

"ఏం చేస్తుండావక్కా?" అన్నాడు ఖాదరు.

"కనపళ్లా? పులుసు."

"ఎవరికి?"

"రేపటికి," అన్నది పెంచలమ్మ.

అని, చట్టి మీద చేతులు అలాగే ఉంచి, మా ఇద్దరినీ చూసింది. తర్వాత గోడకు చేరేసిన పీటలను చూసింది. గుడ్డ చేతిలోంచి జారింది. నెమ్మదిగా వెనక్కి జరిగి మూటల పక్కన కూర్చుంది. పులుసు మాత్రం తన పని తాను చేసుకుంటూ ఉడికింది.

జరిగింది ఆమె తర్వాత చెప్పింది. మూడు గంటల బస్సుకు మైపాడు నుంచి రోజూ వచ్చినట్టే చేపల గంప వచ్చింది. రేపటి నుంచి పంపవద్దని తమ్ముడు పోలయ్యకు ఆమె చెప్పనూ లేదు, అక్క వచ్చేస్తోంది గదా పంపాలా వద్దా అని అతను అడగనూ లేదు. ఇన్నేళ్లుగా ఒకరినొకరు అడగకుండా జరిగిన పని అది. సోమవారం సాయంత్రాల్లో హోటలు ఉండదు గనక ఆ పూట ఆమెకున్న పనల్లా రేపటి పులుసు కాచడమే. గంప దించుకుంది, చేప కోసింది, చింతపండు నానేసింది. మూటలు కడుతూ కడుతూనే చేసింది.

"చేప వచ్చింది, మామిడికాయ ఉండాది. చెయ్యి ఊరుకోలా," అన్నది.

వంజరం చేప, ముప్పై మందికి తక్కువ కాని చట్టి. ఇంకో ఇరవై గంటల్లో ఆ ఇల్లు ఆమెది కాదు. తినేవాళ్లందరూ మధ్యాహ్నమే తిని, సానుభూతి చెప్పి వెళ్లిపోయారు.

నాకు ఆకలి దంచేస్తోంది. మద్రాసు నుంచి దీనికోసమే వచ్చాననీ, ఊళ్లో ఇంకెక్కడా ఏమీ దొరకదనీ, ఒక ముక్క పెడితే చాలుననీ అడిగాను. పెంచలమ్మ నన్ను అప్పుడు సరిగా చూసింది. కాలేజీ అబ్బాయివి గదా అన్నది. చిక్కిపోయావన్నది. చట్టి మీద మూత పెట్టింది.

"ఇవ్వాళ్టిది ఇవ్వాళ పెట్టేది ఎట్ట నాయనా? రేపు రా."

సత్రంలో అరటిపళ్లు తిని పడుకున్నాను. కోపం రాలేదు. ఆమె పెట్టి ఉంటేనే వచ్చేదేమో.

మంగళవారం ఎనిమిది గంటలకు కొత్త లాడ్జి హోటల్లో ఇడ్లీ తిన్నాను. యాత్రికుల సౌకర్యార్థం రాస్తున్నాను: ఇడ్లీ మెత్తగా ఉంది, చట్నీ చల్లగా ఉంది, మంచినీళ్లు ఐసువి. పాలరాతి బల్లలు కొత్తవని చెప్పారు. ఒకదాని మూల మీద ఎవరో ఎప్పుడో మేకుతో గీసిన పేరు ఉంది. సందు చివరి కాఫీ క్లబ్బులో ఆ పేరు గీస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. బల్లల వ్యాపారి అబద్ధం చెప్పలేదు. బల్ల అదే.

అప్పటికే ఖాదరు కొట్టు మూసి సైకిలెక్కాడు. కొత్త బస్టాండుకు, మండీకి, కోర్టు ఆవరణకు తిరిగి పాత గిరాకీలకు ఈ మధ్యాహ్నం కూడా పులుసు ఉందని చెప్పి వచ్చాడు. అందరూ వస్తామన్నారట. ఇరవై మందికి తగ్గరని లెక్కకట్టాడు. పెంచలమ్మ కట్టిన మూట ఒకటి విప్పి విస్తర్లు బయటికి తీసింది. పందిరి కింద నీళ్లు చల్లి, పీటలు రెండు వరసలు వేసింది. ఆ వరసలు వేసేటప్పుడు ఆమె ముఖం చూసి, వచ్చేవాళ్లు రావాలని నేను గట్టిగానే కోరుకున్నాను. ఎవరినని కోరానో చెప్పలేను. నాకు ఆ అలవాటు లేదు.

పదకొండు గంటలకు ఇంకో సంగతి బయటపడింది. పులుసు ఉంది, అన్నం లేదు. బియ్యం పంచేసింది, గుండిగలు అమ్మేసింది. కరువు రోజుల్లో అప్పటికప్పుడు అంతమందికి బియ్యం దొరికే మాట కల్ల. ఖాదరు, నేను ఎదురు హోటలుకు వెళ్లి ఉత్త అన్నం పొట్లాలు కావాలని అడిగాం. గల్లాపెట్టె దగ్గరున్న గుమాస్తా కుర్రవాడేమీ కాదు, అనుభవం ఉన్నవాడే, అయినా అర్థం కాలేదు.

"సాంబారు?"

"వద్దు."

"రసం? కూరన్నా?"

"అన్నం ఒకటే చాలు సామీ," అన్నాడు ఖాదరు.

గుమాస్తా మనసు నొచ్చుకుంది. తమ సాంబారుకు ఏం తక్కువని అడిగాడు. తక్కువేం లేదనీ, అక్కడ వేరే పులుసు సిద్ధంగా ఉందనీ నేను సర్దిచెప్పాను. అతను వీధి అవతలికి చూసి, విషయం గ్రహించి, చేపలోకి తమ అన్నం వెళ్లే సంగతి యజమానికి తెలియకూడదని గొంతు తగ్గించి చెప్పాడు. మనిషికి ఒక గరిటె లెక్కన పొట్లాలు కట్టించాడు. శాకాహార హోటలు వెనక గుమ్మంలోంచి మేమిద్దరం అన్నం పొట్లాలతో దొంగసారా మోసేవాళ్లలా బయటపడ్డాం.

పన్నెండున్నరకు అయిదుగురు వచ్చారు. ముగ్గురు హమాలీలు, కోర్టులో జప్తులు చేసే అమీనాగా పని చేసి రిటైరైన ఒక ముసలాయన, మైపాడు బస్సు కండక్టరు ఒకాయన. నాతో, ఖాదరుతో ఏడుగురం. ఒంటిగంట దాకా చూశాం. ఇంకెవరూ రాలేదు. ఎవరి తప్పూ కాదు. కొత్త బస్టాండు దూరం, ఎండ నిప్పులు చెరుగుతోంది, అక్కడ నాలుగు హోటళ్లున్నాయి, నిన్ననే ఒకసారి వచ్చి బాధపడి వెళ్లారు. ఒకే సంగతికి వరసగా రెండు రోజులు బాధపడడం పనిపాటలు ఉన్నవాళ్లకు కుదరదు.

పెంచలమ్మ రెండో వరస పీటలు ఎత్తి మళ్లీ గోడకు చేరేసింది. పొట్లాలు విప్పి విస్తర్లలో పెట్టి పులుసు వడ్డించింది. అన్నాన్ని వేళ్లతో నలిపి చూసి పెదవి విరిచింది.

"ఈ అన్నం పులుసు తాగదు," అన్నది. "పైన్నే నిలబడతాది, చుట్టం వచ్చినట్టు."

పులుసు ఎలా ఉందో రాయాలి, దానికోసమే గదా ఈ ప్రయాణం. అది అలాగే ఉంది. ఇన్నేళ్లలో నేను మారాను, ఊరు మారింది, డబ్బుల లెక్క మారింది, అది మారలేదు. మామిడికాయ ముక్క నోట్లో పెట్టుకోగానే కాలేజీ రోజులు గుర్తొస్తాయని అనుకున్నాను. రాలేదు. రెండు గంటలకు ఇవ్వాల్సిన తాళం గుర్తొచ్చింది.

హమాలీల్లో ఒకాయన రెండోసారి పులుసు అడిగితే పెంచలమ్మ అడగనివాళ్లకు కూడా వేసింది. చట్టి మాత్రం తరిగినట్టే కనిపించలేదు. అందరికంటే చివర ముసలి అమీనాగారు లేచి, చెయ్యి కడుక్కుని, గొడుగు తీసుకుని, గుమ్మం దగ్గర రోజూ అనే మాట రోజూలాగే అన్నాడు.

"రేపు వస్తా పెంచలమ్మా."

అన్నాక ఆయనకే తెలిసింది. గొడుగు తెరవబోయి ఆగిపోయాడు. ఖాదరు నేల చూపులు చూశాడు.

"రాండి," అన్నది పెంచలమ్మ. విస్తర్లు తీస్తూ, తల ఎత్తకుండా.

రెండు గంటలకు లాడ్జివాళ్ల మనిషి సరిగ్గా వచ్చాడు. రైల్వేవారిలో కూడా అలాంటివాళ్లుంటే బాగుండును. తాళం తీసుకుని, పందిరి తాటాకు ఎవరికైనా కావాలా అని మర్యాదగా అడిగాడు. మంగళవారం పూట ఇల్లు వదలకూడదంటారని ఖాదరు గొణిగితే, "హోటలు ఇల్లేం కాదులే" అన్నది పెంచలమ్మ. తర్వాత పొయ్యి వైపు చూసి, ఆ మాట సరిదిద్దుకోవాలనుకున్నట్టు కాసేపు నిలబడింది, సరిదిద్దుకోలేదు.

ఇక చట్టి. సగానికి పైగా నిండుగా ఉంది. పారబొయ్యమని అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆమె చట్టి మూతికి గుడ్డ కట్టి, చుట్టకుదురు మీద పెట్టి, తనతోనే తీసుకువెళతానంది. మైపాడు దాకా మూటలు మోసే మనిషి కావాలి గదా అని నేను బయల్దేరాను. నా తిరుగు రైలు మర్నాడు పొద్దున్నే.

మూడు గంటల బస్సు. మధ్యాహ్నం మాతో భోంచేసిన కండక్టరే టిక్కెట్లు కొడుతున్నాడు. చట్టిని చూసి ఒక నవ్వు నవ్వాడు.

"ఏందక్కా ఇది? చేపలు మైపాడు నుంచి నెల్లూరికి మోసినానుగానీ, నెల్లూరు నుంచి మైపాడుకు మోసింది ల్యా. దీనికి టిక్కెట్టు ఏమని కొట్టేది?"

"తిరుగు టిక్కెట్టు కొట్టు," అన్నది పెంచలమ్మ.

బస్సులో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. చట్టిని ఒళ్లో పెట్టుకుని, బస్సు కుదిపినప్పుడల్లా తనూ దాన్ని అటుగా కుదుపుతూ కూర్చుంది. ముక్క విరగలేదనే నా నమ్మకం.

ఇందుకూరుపేట దాకా రెండు వైపులా కోత కోసిన మళ్లు. అక్కడ బస్సు పది నిమిషాలు ఆగుతుంది, టీ దొరుకుతుంది, తాగకపోయినా నష్టం లేదు. తర్వాత సరుగుడు తోటలు, ఇసుక, ఉప్పు గాలి. కిటికీ పక్కన కూర్చున్న ఒక బట్టల మూటల సాయిబు వాసన పట్టి, పెంచలమ్మ పులుసా అని అడిగి, హోటలు ఇంకా ఉందా అన్నాడు. ఉందని చెప్పడానికీ లేదని చెప్పడానికీ మధ్య నేను తడుముకుంటుంటే, మేము దిగే చోటు వచ్చింది.

నాలుగున్నరకు మైపాడు. మేము దిగుతుంటే ఎదురుగా ఒక లారీ పైకి వస్తోంది. లోపల రంపపు పొట్టులో ఐసు దిమ్మలు, వాటి కింద పెట్టెలు. దాని వెనక దారి పొడుగునా నీళ్లు కారిన చార. ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి, పడవలు ఇసుక మీదికి లాగి ఉన్నాయి, చేప అన్నది ఒక్కటి లేదు. ఒడ్డున పడిందంతా పడినట్టే ఆ లారీ ఎత్తుకుని రైలుకు వేస్తుందనీ, అక్కడి నుంచి మద్రాసు పోతుందనీ తర్వాత తెలిసింది. అంటే నేను ఏ చేప కోసం మద్రాసు నుంచి బయల్దేరానో అది రోజూ ఎదురు రైల్లో నన్ను దాటిపోతోందన్న మాట.

పోలయ్య యాభై దాటిన మనిషి. అక్కను చూసి లేచి నిలబడ్డాడు, మూటలు అందుకున్నాడు, రా అన్నాడు. ఆయన భార్య నీళ్లు తెచ్చి ఇచ్చి, చట్టిని చూసి, ఏమిటన్నట్టు చూసింది. పెంచలమ్మ చట్టి దించి గుడ్డ విప్పింది. ఉత్త చేతులతో రాలేదని ఆమె నోటితో అనలేదు. మూత తియ్యడంలోనే ఆ మాట ఉంది.

పోలయ్య భార్య వంగి చట్టిలోకి చూసింది.

"వంజరమా వదినా?" అన్నది. "మా ఇంట్లో ఈ ముక్క ఉడికి ఎన్నాళ్లయిందో. పెద్ద చేపంతా లారీకే. మాకు మిగిలేది ఎండువే."

చుట్టుపక్కల నాలుగిళ్లకు గిన్నెలు వెళ్లాయి. మధ్యాహ్నం రాని పదిహేను మంది సాయంత్రం మైపాడులో దొరికారు. పిల్లలు ముక్కలో ముల్లు తీయించుకుని తిన్నారు. సముద్రం ఒడ్డున చేపలవాళ్లు నెల్లూరు నుంచి వచ్చిన చేపను మెచ్చుకుంటూ తినడం నేను చూశాను. కొంతసేపు పెంచలమ్మ నడుం నిటారుగా నిలిచింది. వడ్డించేటప్పుడు గొంతు కూడా పాత గొంతే. పోలయ్య కొడుక్కి రెండోసారి వేస్తూ, తొందరపడకుండా తినమని కసిరింది.

చట్టి ఖాళీ అయింది. ఇసుకా కొబ్బరిపీచూ పెట్టి తోమి, బోర్లించి, నీళ్లోడాక తిప్పి, పొయ్యి దగ్గర పెట్టింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ తమ్ముణ్ణి అడిగింది.

"చేప యాడ పెట్టినావు?"

"ఏం చేప?"

"రేపటికి."

పోలయ్య భార్య వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేనైతే సముద్రం వైపు చూశాను.

"రోజూ ఒక గంప లారీవాడికి ఇవ్వకుండా పక్కన పెడతా ఉంటిని, నీ హోటలుకని," అన్నాడు. "ఇంక పంపే పని లేదు గదా అక్కా. ఇవ్వాళ మొత్తం వేసేసినా."

ఆమె మంచిదన్నది. పొయ్యి దగ్గరున్న చట్టిని తీసి, కాసేపు చేతుల్లో పట్టుకుని, గోడవారగా మూటల పక్కన పెట్టింది. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది. దాని మీద పోలయ్య భార్య కాఫీ నీళ్లు పెట్టింది.

ఆఖరి బస్సు ఏడు గంటలకు. వెళ్లొస్తానంటే పెంచలమ్మ గుమ్మం దాకా వచ్చింది. నేను మళ్లీ ఎప్పుడైనా వస్తానన్నాను. ఎప్పుడని అడుగుతుందేమో, ఏం చెప్పాలా అని ఆలోచించుకున్నాను కూడా. ఆమె అడగలేదు. జాగ్రత్తగా పో నాయనా అన్నది.

బుధవారం పొద్దున నెల్లూరు ప్లాట్‌ఫారం తడిగా ఉంది. వాన కాదు. పార్సిలు పెట్టెలోకి చేపల పెట్టెలు ఎక్కిస్తున్నారు, ఐసు కరిగి కాళ్ల కిందికి వస్తోంది. రైలు వేళకు వచ్చింది, వేళకు బయల్దేరింది, గూడూరులో రెండు నిమిషాలు ఆగింది. తొందర లేనప్పుడు రైల్వేవారు చాలా నిక్కచ్చిగా ఉంటారు. ఆ వంజరాలు, నేను ఒకే రైల్లో మద్రాసు చేరాం. అవి నాకంటే ముందు దిగాయి.

నెల్లూరు వెళ్లేవారి కోసం నాలుగు మాటలు. స్టేషను నుంచి పాత బస్టాండు సందు నడక దూరమే, బండి అక్కర్లేదు. సందు మొదట్లో మూడంతస్తుల లాడ్జి, కింద భోజన హోటలు. శుభ్రంగా ఉంటుంది. ఐసు నీళ్లు ఇస్తారు. బల్ల మూల మీద పేరు కనిపిస్తే చూడండి. త్వరలో కుటుంబాలకు ప్రత్యేకంగా గది కూడా వస్తుంది. గుమాస్తా మంచివాడు, సాంబారు మెచ్చుకుంటే సంతోషిస్తాడు. సోమవారం సాయంత్రం తప్ప ఎప్పుడు వెళ్లినా వేడిగా దొరుకుతుంది. అక్కడ ఏ పూట వండింది ఆ పూటే పెడతారు. ఎవరినీ రేపు రమ్మనరు.